రెండు ముక్కల తర్జుమా

బస్టాండులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మైకమ్మ అంటేనే అందరికీ తెలుస్తుంది. ప్లాట్‌ఫారాల మీదుగా ఇనప మెట్లెక్కి వెళితే ఒక అద్దాల గది ఉంటుంది. అందులో కూర్చుని ఏ బస్సు ఎక్కడ నిలబడి ఉందో, ఏది ఆలస్యమో, ఎవరి పర్సు ఎవరికి దొరికిందో చెప్పడం ఆమె ఉద్యోగం. మైకు ముందు కూర్చుంటే ఆ సన్నపాటి మనిషి గొంతు గంటలా మోగేది. "ఆలస్యానికి చింతిస్తున్నాం" అని ఆమె అంటే నిజంగానే ఎవరో కూర్చుని చింతిస్తున్నట్టుండేది. ఆలస్యంగా వచ్చిన డ్రైవర్లు ఆ గది కింద నుంచి తలొంచుకుని వెళ్ళేవాళ్ళు. ఒక్కోసారి ముసలాయనెవరో మెట్లెక్కి వచ్చి, అద్దంలోంచి చూసి, "ఓహో, నువ్వేనా" అని తృప్తిగా దిగిపోయేవాడు.

ఆమె భర్త డిపోలో ఎలక్ట్రీషియన్. నోట్లో నాలుక లేని మనిషి. కూరగాయలవాడితో బేరమాడాలన్నా భార్య వంక చూసేవాడు. "ఇంట్లో మైకుండగా మనకెందుకండీ శ్రమ" అని స్నేహితులతో అనేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో మాటల పని ఆమెది, మిగతా పనులు ఇద్దరివీ.

మెడ మీద గడ్డ మొదట కనిపెట్టింది ఆయనే. అద్దం ముందు జడ వేసుకుంటుంటే, "అదేంటి, గుటక వేసినప్పుడు కదుల్తోంది" అన్నాడు. ఊళ్ళో గొంతు డాక్టరుకి చూపించారు. ఆయన పరీక్షలన్నీ చేయించి, భయపడాల్సిందేమీ లేదన్నాడు. థైరాయిడ్ గ్రంథిలో ఒక వైపు గడ్డ. ఆ సగం తీసేస్తే సరిపోతుంది.

"కానీ ఒక్క మాటమ్మా. గొంతుని ఆడించే నరాలు సరిగ్గా దాని వెనకే ఉంటాయి. మేం జాగ్రత్తగానే చేస్తాం. నూటికి ఒకళ్ళకో ఇద్దరికో మాత్రం గొంతు బొంగురుపోతుంది. మీ ఉద్యోగం మైకు దగ్గర కాబట్టి ముందే చెప్తున్నా," అన్నాడు.

ఆ ఒక్కళ్ళలోనో ఇద్దరిలోనో తనే ఉన్నట్టు ఆమెకు అనిపించింది. ఆపరేషన్ తేదీ ఇస్తామంటే ఆలోచించుకుని చెప్తానని లేచి వచ్చేసింది.

అప్పుడు కల్పించుకుంది వదిన.

వదిన అంటే ఆమె సొంత అన్నయ్య భార్య. అన్నయ్య ఉద్యోగం మీద పొరుగు దేశంలో కొన్నేళ్ళు కాపురం చేసి వచ్చారు ఇద్దరూ. తిరిగొచ్చాక, ఆ దేశంలోని ఒక పెద్ద ఆసుపత్రి ఈ ఊళ్ళో తెరిచిన ఆఫీసులో వదినకి ఉద్యోగం దొరికింది. ఇక్కడి రోగుల్ని అక్కడికి తీసుకెళ్ళి, డాక్టరు చెప్పేది వీళ్ళకీ వీళ్ళు చెప్పేది డాక్టరుకీ చెప్పి, వైద్యం చేయించి తీసుకురావడం ఆమె పని. మెడలో ఆసుపత్రి గుర్తింపు కార్డు వేలాడుతుండేది. అన్నయ్య ఎక్కడ కూర్చున్నా, "మావిడ వాళ్ళ భాష గడగడా మాట్లాడుతుంది, వాళ్ళే నోరెళ్ళబెడతారు" అని చెప్పుకునేవాడు. చుట్టాలందరూ ఆమెను మన ఇంటి దుబాసీ అని ముద్దుగా పిలిచేవారు.

"నీకెందుకే భయం? అక్కడికి పోదాం పద," అంది వదిన. "అక్కడ నరాన్ని కనిపెట్టే మిషన్లున్నాయి. గొంతుకి ఈగ వాలనివ్వరు. మెడ మీద గీత కూడా కనపడదు. పైగా నేనుంటాను పక్కన."

భర్త నసిగాడు. ఇక్కడి డాక్టరు మంచివాడిలాగే ఉన్నాడన్నాడు. అన్నయ్య ఆయన భుజం మీద చెయ్యేసి, "బావా, పరాయివాళ్ళ చేతిలో పెడుతున్నామా? మన మనిషే దగ్గరుండి చూసుకుంటుంది. మాట్లాడ్డానికి మనిషి లేకపోతే కదా భయపడాలి," అన్నాడు. ఆ మాటతో ఆయన ఊరుకున్నాడు.

ఆసుపత్రి నిజంగానే పెద్దది. నేల మీద మన మొహం మనకి కనపడేంత శుభ్రంగా ఉంది. సర్జన్ పొడుగాటి మనిషి. నెమ్మదిగా, ప్రతి మాటకీ వాళ్ళ కళ్ళలోకి చూస్తూ మాట్లాడాడు. మైకమ్మ, భర్త ఒక పక్క, వదిన బల్ల చివర కూర్చున్నారు. సర్జన్ ఒక కాగితం మీద గొంతు బొమ్మ గీసి, పెన్నుతో రెండు పక్కలా తాకుతూ చాలాసేపు ఏదో చెప్పాడు. వదిన మధ్యమధ్యలో తలూపింది.

"ఏమంటున్నాడు వదినా?"

"గ్రంథి తీసేస్తే సరిపోతుందట. చిన్న ఆపరేషనట."

"గొంతు సంగతి అడుగు. మైకు దగ్గర పనిచేస్తాను, నా ఉద్యోగమంతా నా గొంతే, దానికేమన్నా అయితే నాకు ఆపరేషనే వద్దు అని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

వదిన సర్జన్ వైపు తిరిగి రెండు ముక్కలు మాట్లాడింది. ఆయన కనుబొమలు ముడిచి ఏదో అడిగాడు. వదిన నవ్వి తలూపింది. ఆయన కూడా తలూపి రాసుకున్నాడు.

"అంతేనా? నేనంత చెప్తే నువ్వు రెండు ముక్కల్లో తేల్చేశావు," అంది మైకమ్మ.

"వాళ్ళ భాష అంతే, పొదుపు ఎక్కువ," అంది వదిన. "గొంతుకేమీ కాదట. హాయిగా ఉండమంటున్నాడు."

మైకమ్మ నవ్వింది. భర్త కూడా నవ్వాడు. సంతకం చెయ్యమన్న చోట సంతకం చేసింది.

ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిచి భర్తను పిలవబోయింది. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. చిల్లుపడ్డ సైకిల్ ట్యూబులోంచి పోయినట్టు గాలి మాత్రం పోయింది. నర్సు వచ్చి భుజం తట్టి వెళ్ళింది. వదిన వచ్చి, "వాపు ఉంటుంది కదే, అది తగ్గాక వచ్చేస్తుందట," అంది. బయల్దేరే రోజున సర్జన్ వచ్చి చూశాడు. ఆమెను ఏదో పలకమన్నట్టు సైగ చేశాడు. ఆమె పలికింది. ఆయన మొహం మారింది. వదినతో ఏదో అన్నాడు. వదిన, "ఊరెళ్ళాక బాగా రెస్ట్ తీసుకోమంటున్నాడు," అని చెప్పింది.

వాపు తగ్గింది, కుట్లు మానాయి, గొంతు మాత్రం రాలేదు. ఎంత గట్టిగా మాట్లాడాలని చూసినా గుసగుసే. నీళ్ళు తాగితే పొలమారేది. చివరికి మళ్ళీ ఊళ్ళో డాక్టరు దగ్గరికే వెళ్ళారు. ఆయన గొంతులోకి సన్నని కెమెరా పెట్టి చూశాడు. అక్కడి రిపోర్టు చదివాడు.

"సగం కాదమ్మా, మొత్తం తీసేశారు. రెండు వైపులా నరాలు దెబ్బతిన్నాయి. ఒకటి కొంచెం కదుల్తోంది, రెండోది పూర్తిగా పడిపోయింది. గొంతు ఇంతకంటే పెద్దగా రాకపోవచ్చు."

"మొత్తం ఎందుకు తీశారు?" అని అడిగాడు భర్త.

"అది వాళ్ళనే అడగాలి. మొత్తం తీయడం తప్పని నేననను, కొందరు అలాగే చేస్తారు. కానీ గొంతు మీద బతికే మనిషికి నేనైతే చెయ్యను."

అడగడం అక్కడ మొదలైంది. ముందు వదిన ఆఫీసుకే వెళ్ళారు. మేనేజరు కాఫీ ఇప్పించాడు, సానుభూతి చూపించాడు, అక్కడికి రాస్తానన్నాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఎన్నోసార్లు తిరిగాక జవాబు వచ్చింది. ప్రమాదాలన్నీ రోగికి ఆమె బంధువు ద్వారా ఆమె భాషలోనే వివరించామనీ, అర్థం చేసుకునే ఆమె సంతకం చేసిందనీ, ఇక ఏమన్నా ఉంటే తమ దేశంలోని కోర్టుకు రావచ్చనీ దాని సారాంశం.

"బంధువా?" అన్నాడు భర్త. "మీ ఉద్యోగి కదండీ ఆవిడ?"

మేనేజరు జవాబు కాగితం మడిచాడు. "అంటే, ఆ రోజు బంధువుగా కూడా వచ్చారు కదా సార్."

ప్రతి ఆఫీసులోనూ జరిగే తంతు ఒకటే. మైకమ్మ భర్త చెవిలో గుసగుసగా చెప్పేది. ఆయన పైకి చెప్పేవాడు. ఆమె, "వీళ్ళు నన్ను నిలువునా మోసం చేశారు, నా నోరు నొక్కేసి ఇప్పుడు మొహం చాటేస్తున్నారు, అది చెప్పండి," అనేది. ఆయన గొంతు సవరించుకుని, "మావిడకి కొంచెం ఇబ్బందిగా ఉందండీ, మీరు కాస్త చూస్తే బాగుంటుంది," అనేవాడు. ఒక రోజు ఆఫీసు బయట మెట్ల మీద ఆమె ఆయన చొక్కా పట్టుకుని ఆపింది.

"నేను అన్నదేంటి, మీరు చెప్పిందేంటి?" అంది గుసగుసగా.

"మరీ అంత కటువుగా అంటే వాళ్ళు అసలు..."

"మీరూ మీకు నచ్చినట్టే చెప్తున్నారా? నా మాట నా మాటలా చెప్పేవాళ్ళు ఒక్కళ్ళూ లేరా నాకు?"

ఆయన తలకొట్టేసినట్టు నిలబడిపోయాడు. ఆ తర్వాత ఆయన ఆమె మాటను మార్చలేదు. చెమటలు పట్టినా, గొంతు వణికినా, అన్నది అన్నట్టే అప్పజెప్పేవాడు. "మావిడ మిమ్మల్ని సిగ్గులేదా అని అడగమంటోందండీ," అన్నప్పుడు మేనేజరు కాఫీ ఇప్పించడం మానేశాడు.

బస్టాండువాళ్ళు మంచిగానే చూశారు. అద్దాల గదిలోకి కొత్తమ్మాయిని తీసుకుని, మైకమ్మను కింద పోయిన వస్తువుల గదికి మార్చారు. బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, కళ్ళజోళ్ళు చీటీలు కట్టి అరల్లో పెట్టే పని. వచ్చినవాళ్ళతో ఆమె గుసగుసగా మాట్లాడితే వాళ్ళు కూడా గుసగుసగానే జవాబిచ్చేవాళ్ళు. "నల్ల గొడుగండీ," అని రహస్యం చెప్తున్నట్టు అనేవాళ్ళు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. తర్వాత రాలేదు. పైన స్పీకర్లలో కొత్తమ్మాయి ఊళ్ళ పేర్లు మింగేస్తుంటే పళ్ళు బిగబట్టుకుని కూర్చునేది.

అన్ని తలుపులూ తట్టాక వినియోగదారుల ఫోరంలో కేసు వేయించింది లాయరమ్మ. ఆవిడ పొట్టి మనిషి, వేగంగా మాట్లాడుతుంది, మాట మీద నిలబడుతుంది. అరిటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.

"ఆ దేశం వెళ్ళి కొట్లాడ్డం మీ వల్ల కాదు. కానీ వాళ్ళ ఆఫీసు ఇక్కడుంది, మిమ్మల్ని ఒప్పించి తీసుకెళ్ళింది ఇక్కడి నుంచే. కాబట్టి ఇక్కడే పట్టుకుందాం. వాళ్ళు అనేది ఒక్కటే, అన్నీ చెప్పామని. చెప్పారా లేదా అన్నదే మొత్తం కేసు. ఆ గదిలో ఉన్నది మీ వదిన. ఆవిడేమంటుంది?"

వదిన ఏమంటుందో వినడానికి ఎక్కువ కాలం ఆగక్కర్లేకపోయింది. ఆసుపత్రి తరఫున సాక్షిగా ఆమె పేరే ఇచ్చారు. సర్జన్ చెప్పిన ప్రతి మాటా తను చెప్పాననీ, గొంతు పోవచ్చని కూడా చెప్పాననీ, ఆడపడుచు విని సరేనందనీ ఆమె రాసిచ్చింది.

అది చదివిన సాయంత్రం మైకమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. వదిన తన పెళ్ళికి చీర కుచ్చిళ్ళు సర్దిన మనిషి. అమ్మ పోయినప్పుడు పక్కన పడుకున్న మనిషి. పొరపాటున చెప్పడం మర్చిపోయి ఉంటుందని ఇన్నాళ్ళూ మనసులో ఎక్కడో ఒక మూల సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ మూల కూడా మిగల్లేదు.

అన్నయ్య ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా గోడకానుకుని నిలబడ్డాడు.

"ఇంటి ఆడదాన్ని బోనెక్కిస్తావా?"

"ఎక్కించింది నేను కాదన్నయ్యా. ఆసుపత్రివాళ్ళు."

"కేసు నువ్వు వెయ్యకపోతే వాళ్ళెందుకు పిలుస్తారు? దాని ఉద్యోగం పోతుంది. నలుగురిలో మా పరువేం కావాలి?"

"నా గొంతు పోయింది," అంది ఆమె.

"ఆఁ?" అన్నాడు అన్నయ్య, వినపడక.

భర్త వంటింటి గుమ్మంలోంచి, "తన గొంతు పోయింది అంటోంది బావా," అన్నాడు. అన్నయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు.

విచారణ ఒక పాత మేడలో, పై అంతస్తు గదిలో జరిగింది. ఎత్తు బల్ల వెనక అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు. గోడకి తెర. ఆ తెర మీద, సరిహద్దు అవతల తన గదిలో కూర్చున్న సర్జన్ కనిపించాడు. ఆయన మాట తెలుగులో చెప్పడానికి ఫోరంవాళ్ళు ఒక అనువాదకుణ్ణి పిలిపించారు. ఆయన రిటైరైన ఉపాధ్యాయుడు, దగ్గు మాత్ర బుగ్గన పెట్టుకుని జాగ్రత్తగా మాట్లాడతాడు. వదిన సాక్షుల కుర్చీలో కూర్చుంది. మైకమ్మకు ఎదురుగానే, కానీ ఆమె వైపు చూడలేదు.

సర్జన్ మొదలుపెట్టగానే వదినను గుర్తుపట్టినట్టున్నాడు. ఆమె వైపు చూసి ఏదో మర్యాదగా అన్నాడు. వదిన మొహంలో నవ్వు అలాగే అతికించినట్టుంది. అనువాదకుడు, "ఆవిణ్ణి గుర్తుపట్టాననీ, కులాసాయేనా అనీ అడుగుతున్నారు," అన్నాక వదిన గబుక్కున చేతులు జోడించింది.

మైకమ్మ అది చూసింది. అప్పటికేమీ అనుకోలేదు.

"నేను ఈవిడ గ్రంథి మొత్తం తీయడమే మంచిదని చెప్పాను," అని సర్జన్ మాటను అనువాదకుడు చెప్పాడు. "అలా తీస్తే రెండు వైపుల నరాలకూ ప్రమాదం ఉంటుందనీ, మాట పోయే అవకాశం కూడా ఉందనీ బొమ్మ గీసి చెప్పాను."

ఈసారి మైకమ్మ సర్జన్‌ని చూడటం మానేసి వదిననే చూసింది. సర్జన్ మాట పోతుందన్న ముక్క చెప్తున్నంతసేపూ వదిన అదే నవ్వుతో మెల్లగా తలూపుతోంది. అదే మాట తెలుగులో వినపడ్డాక నవ్వు పోయింది.

"ఈవిడ ఉద్యోగం చెయ్యకుండా ఇంట్లోనే ఉంటారా అని అడిగాను. అవునన్నట్టు పక్కనున్నావిడ నవ్వి తలూపారు. గొంతు గురించి రోగి నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే, మైకులో మాట్లాడే ఉద్యోగమని తెలిసి ఉంటే, నేను సగమే తీసేవాణ్ణి. ఈ సంగతి ఇవాళే వింటున్నాను."

సర్జన్ ఆ మాటలంటున్నప్పుడు కూడా వదిన తలూపింది. ఆ తర్వాత తెలుగు విని తెల్లబోయింది.

మైకమ్మకు అర్థమైంది. ఆ సాక్ష్యం చదివినప్పటి నుంచీ వదిన తెలిసి దాచిందనుకుంది. తను భయపడి వెనక్కి పోతానని, ఉద్యోగం కోసం, ఆసుపత్రి మెప్పు కోసం దాచిందనుకుంది. దాచడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆ గదిలో సర్జన్ మాట్లాడింది మైకమ్మకు ఎంత తెలిసిందో వదినకూ అంతే తెలిసింది. 'గొంతుకేమీ కాదట' అన్నది అక్కడికక్కడ అల్లి చెప్పిన మాట.

ఆమె లేచి నిలబడింది. లాయరమ్మ చెయ్యి పట్టుకుని, "ఏంటో నాకు చెప్పండి, నేను అడుగుతాను," అంది. భర్త కూడా లేవబోయాడు. ఆమె ఇద్దరికీ వద్దని తలూపింది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

ఆమె పెదాలు కదిలాయి. ఎవరికీ వినపడలేదు. అధ్యక్షుడు ఫ్యాన్లు ఆపమన్నాడు. గుమాస్తా బల్ల మీది మైకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని అలవాటుగా కొంచెం పక్కకి వంచుకుంది. గదిలో ఉక్కపోస్తోంది. అందరూ ఆమె వైపు వంగారు.

"డాక్టరుగారు మా వదినని వాళ్ళ భాషలో ఏదైనా ఒక్క ప్రశ్న అడగాలండీ. చిన్నదైనా చాలు. దాన్ని తెలుగులో చెప్పకూడదు. ఆవిడే జవాబు చెప్పాలి."

ఆసుపత్రి లాయరు లేచి, ఇదేం పద్ధతి అన్నాడు. సాక్షి పరీక్ష రాయడానికి రాలేదన్నాడు. అధ్యక్షుడు వదిన మొహంలోకి చూసి, కానివ్వండి అన్నాడు. అనువాదకుడు ఆ సంగతి సర్జన్‌కి చెప్పాడు. సర్జన్ వదిన వైపు తిరిగి, నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు ఒక వాక్యం అన్నాడు.

వదిన మెడలోని కార్డు తాడు వేలికి చుట్టుకుంది. నవ్వింది. రెండు ముక్కలు మాట్లాడింది.

"ఏమడిగారు, ఏం చెప్పారు?" అన్నాడు అధ్యక్షుడు.

అనువాదకుడు దగ్గు మాత్ర బుగ్గ మార్చుకున్నాడు. చెప్పడానికి ఆయనకే మొహమాటంగా ఉన్నట్టుంది. "ఆ రోజు నా గదిలోకి మీతో పాటు ఎవరెవరు వచ్చారు అని అడిగారండీ. ఆవిడ... 'అవును, చాలా మంచిది' అన్నారు."

ఎవరూ నవ్వలేదు. తెర మీద సర్జన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వదిన ఇంకా నవ్వుతూనే ఉంది, ఆ నవ్వును ఏం చెయ్యాలో తెలియనట్టు. వెనక బెంచీలో అన్నయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు. మైకమ్మ కూర్చుంది. గెలిచానన్న సంతోషమేమీ కలగలేదు. తన గొంతు ఏ కత్తి వల్లో, ఏ పంతం వల్లో కాకుండా ఒక ఉత్తుత్తి తలూపుడు వల్ల పోయిందని మాత్రం తెలిసింది.

తీర్పు ఆమె పక్షానే వచ్చింది. జీతం దగ్గర ఉద్యోగి, బాధ్యత దగ్గర బంధువు అనడం కుదరదని అధ్యక్షుడు ఆసుపత్రిని గట్టిగానే మందలించాడు. భాష వచ్చో రాదో చూసుకోకుండా మనిషిని కూర్చోబెట్టడమూ, ఆవిడ తలూపితే రోగికి అర్థమైపోయిందనుకోవడమూ ఆసుపత్రి తప్పేనన్నాడు. వాళ్ళు పై కోర్టుకు పోతామని బెదిరించి, పేపర్లో పడేసరికి దారికొచ్చి పరిహారం కట్టారు. ఈ ఊళ్ళో ఆఫీసు బోర్డు కొన్నాళ్ళకి మాయమైంది. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు. సర్జన్ దగ్గర్నుంచి రెండు మాటలు వస్తాయేమోనని మైకమ్మ చాలా కాలం చూసింది, రాలేదు.

వదిన వచ్చింది. ఇంటికి కాదు, బస్టాండుకి. పోయిన వస్తువుల గది ముందు వరసలో ఎవరో గొడుగుకోసం వచ్చినావిడ వెనక నిలబడి, తన వంతు వచ్చాక కౌంటరు దగ్గరికి వచ్చింది. మెడలో కార్డు లేదు. మనిషి చిక్కిపోయింది.

"రాదు అని చెప్పడానికి సిగ్గేసిందే," అంది. "బజారు మాటలొచ్చు. కూరలు కొనడం, బాగున్నారా అనడం. ఇంటర్వ్యూలో మేనేజరుకీ ఆ భాష రాదు, నేను నాలుగు ముక్కలంటే మురిసిపోయాడు. ముందు వెళ్ళినవాళ్ళకి అన్నీ బాగానే అయ్యాయి. డాక్టరు బొమ్మ గీస్తాడు, నేను మంచి మాట చెప్తాను, వాళ్ళు ధైర్యంగా ఉంటారు. నీకూ అలాగే అవుతుందనుకున్నా."

మైకమ్మ చీటీ కట్టిన టిఫిన్ డబ్బా ఒకటి అరలో సర్దింది. "కోర్టులో అన్నీ చెప్పానని ఎందుకన్నావు?"

"మీ అన్నయ్య అలాగే రాయమన్నాడు."

మైకమ్మ చెయ్యి ఆగింది.

"ఆయనకి తెలీదనుకున్నావా?" అంది వదిన. ఆమె కూడా గుసగుసగానే మాట్లాడుతోంది. "అక్కడున్నన్నాళ్ళూ ఏ ఆఫీసుకి పోవాలన్నా పక్కింటావిణ్ణి బతిమాలి తీసుకెళ్ళేవాళ్ళం. ఆయనకి నా భాష సంగతి తెలీదా? మావిడ గడగడా మాట్లాడుతుందని ఊరంతా చెప్పింది ఆయనే. ఇప్పుడు నావల్ల పరువు పోయిందని నాతో మాటలు లేవు. నువ్వొక్కసారి ఆయనకి చెప్తావేమోనని వచ్చాను."

వదిన మీద కోపం ఆమె ఎరిగిన కోపం. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో, ఎలా మొయ్యాలో ఈపాటికి తెలుసు. ఇది వేరు. భర్త భుజం మీద చెయ్యేసి 'మాట్లాడ్డానికి మనిషి లేకపోతే కదా భయపడాలి' అన్నది అన్నయ్య. తోడబుట్టినవాడు.

డ్యూటీ దిగాక తిన్నగా అన్నయ్య ఇంటికి వెళ్ళింది. భర్త కూడా వెంట వచ్చి వాకిట్లోనే ఆగాడు. అన్నయ్య టీవీ చూస్తున్నాడు. ఆమె వెళ్ళి టీవీ ఆపేసింది, లేకపోతే తన మాట వినపడదు.

"వదినకి ఆ భాష రాదని నీకు తెలుసా?"

అన్నయ్య రిమోట్ వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు.

"అంతగా రాదని తెలుసు," అన్నాడు చివరికి. "అయినా అంత పెద్ద డాక్టర్లు. వాళ్ళ పని వాళ్ళకి తెలీదా? మధ్యలో మాటలతో పనేముందనుకున్నా."

ఆమె అన్నయ్య చేతుల వంక చూసింది. చిన్నప్పుడు బడి వేదిక మీద తను మొదటిసారి గట్టిగా పద్యం చదివితే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ చేతులే. ఏదో అనబోయింది. ఆ గుసగుస అతని దాకా పోయినా, అందులో ఉన్నది మాత్రం అతనికి చేరదనిపించింది. వెనక్కి తిరిగింది.

వాకిట్లో భర్త లేచి చెప్పులు వేసుకుంటూ, "ఏమన్నాడు?" అని అడిగాడు.

ఆమె అన్నయ్య అన్నది అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఆయన విని, ఆమెను అక్కడే ఆగమని సైగ చేసి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. లోపల నుంచి ఆయన గొంతు వినిపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఆమె వినలేదు. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. ఆయన తడబడుతున్నాడు, వాక్యాలు సగంలో తెగిపోతున్నాయి, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. ఆమె గోడ పక్కన నిలబడి ఆఖరి మాట దాకా విన్నది.